మాట ఇచ్చినవాడు వెళ్ళిపోయాక

కిందటేడు సంక్రాంతికి ఇక్కడ జర్మనీలో మా తెలుగువాళ్ళం ఓ పది కుటుంబాలు కలిసి భోజనాలు పెట్టుకున్నాం. తిన్నాక మాటలు ఎటెటో తిరిగి ఆఫ్రికా మీదకి వెళ్ళాయి. ఒక అన్న అన్నాడు, మనల్ని బ్రిటిష్ వాళ్ళు ఏలారు కాబట్టి బతికిపోయాం, అదే ఫ్రెంచి వాళ్ళైతే మన గతి కూడా ఆ దేశాల్లాగే ఉండేది అని. ఇంకొకరు కాదు, జర్మన్లు అందరికంటే పద్ధతిగా ఉండేవాళ్ళు, రైళ్ళూ రోడ్లూ గట్టిగా వేశారు అన్నారు. నేను "ఏ రాయైతేనేం పళ్ళూడగొట్టుకోడానికి" అన్నాను. అందరూ నవ్వారు, అక్కడితో ఆ మాట ఆగిపోయింది.

ఇంటికొచ్చాక మాత్రం నేనన్నది కూడా సరిగ్గా లేదనిపించింది. ఆ సామెతలో రాయి ఒక్కటే. ఆఫ్రికాలోని కామెరూన్ అనే దేశం మీద పడినవి మూడు: జర్మన్లు, తర్వాత బ్రిటిష్ వాళ్ళూ ఫ్రెంచి వాళ్ళూ కలిసి. ముగ్గురిలో ఎవరు మంచివాళ్ళు అనే లెక్క ఎంతసేపైనా వేసుకోవచ్చు, దానివల్ల తేలేది ఏమీ లేదు. నాకు అంతకంటే పెద్ద విషయంగా తోస్తున్నది వేరే ఉంది. ఒక పాలకుడి చేతిలోంచి ఇంకో పాలకుడి చేతిలోకి దేశం మారిన ప్రతిసారీ, పాతవాడు ఇచ్చిన మాటలన్నీ రద్దయిపోయాయి, పాతవాడు లాక్కున్నవి మాత్రం భద్రంగా కొత్తవాడికి అందాయి. పోటీ పడ్డ సామ్రాజ్యాల కింద నలిగిన సమాజాల కథ అంతా నాకు ఇక్కడే కనిపిస్తోంది.

ఇది నాకు కొంచెం గట్టిగానే తగలడానికి కారణం మా తాతయ్య. ఆయన కౌలు రైతు. నోటిమాట మీద పదిహేనేళ్ళు అదే చేను చేశాడు, మెరక దున్ని చదును చేసుకున్నాడు, బోరు వేయించుకున్నాడు. పొలం యజమాని "నువ్వున్నన్నాళ్ళూ నీదే ఈ చేను" అన్నాడట. తర్వాత ఆయన పొలం అమ్మేసి పట్నం వెళ్ళిపోయాడు. కొన్నాయన వచ్చి చాలా మర్యాదగానే చెప్పాడట, ఆ మాట నేనివ్వలేదు కదండీ అని. బోరు మాత్రం పొలంతోపాటే ఆయనకి వెళ్ళిపోయింది. మా తాతయ్య చనిపోయేదాకా కొన్నాయన్ని ఒక్క మాట అనలేదు. అమ్మినాయన పేరెత్తితే మాత్రం లేచి వెళ్ళిపోయేవాడు.

ఇక కామెరూన్‌లోని దువాలా వాళ్ళ సంగతికొస్తాను. వూరీ నది సముద్రంలో కలిసేచోట వాళ్ళ ఊళ్ళు. లోపలి నుంచి పామాయిల్, ఏనుగు దంతం వస్తే వాటిని యూరప్ ఓడలకి అమ్మేది వాళ్ళే. మధ్యవర్తి వ్యాపారం పూర్తిగా వాళ్ళ చేతిలోనే ఉండేది. 1870ల చివర్లో, 80ల మొదట్లో దువాలా రాజులు విక్టోరియా రాణికి ఉత్తరాలు రాశారు, మీ రక్షణలోకి తీసుకోండి అని. భయపడి రాసినవి కావు ఆ ఉత్తరాలు. బెల్, అకువా అనే రెండు రాజకుటుంబాల మధ్య తగాదాలు ముదురుతున్నాయి, తీరంలో ఫ్రెంచి వాళ్ళు అటూఇటూ తిరుగుతున్నారు, పెద్దవాడెవడైనా అండగా ఉంటే వ్యాపారం నిలబడుతుందని లెక్క వేసుకుని రాశారు. లండన్ తాత్సారం చేసింది. ఈలోపు జర్మన్ ప్రభుత్వ ప్రతినిధి గుస్టావ్ నాహ్టిగాల్ ఓడలో వచ్చాడు. 1884 జూలై 12న ఒప్పందం అయింది, 14న జెండా ఎగిరింది. బ్రిటిష్ కాన్సుల్ హ్యూవెట్ చేరింది 19న. అప్పటి నుంచి ఆయనకి ఆలస్యంగా వచ్చిన హ్యూవెట్ అనే పేరు మిగిలిపోయింది. ఆఫ్రికాని పంచుకోడానికి యూరప్ దేశాలు బెర్లిన్‌లో కూర్చున్నది ఆ తర్వాత నవంబర్‌లో.

ఆ ఒప్పందంలో దువాలా వాళ్ళు పెట్టిన షరతులు చదివితే వాళ్ళు ఎంత జాగ్రత్తపరులో తెలుస్తుంది. మేము సాగు చేసుకుంటున్న భూమి, మా ఊళ్ళున్న స్థలాలు మావీ మా వారసులవీ. మా ఆచారాలు మావి. లోపలి వ్యాపారం మాదే. నోటిమాట కాదు, కాగితం మీద రాయించుకున్న మాటలివి.

పాతికేళ్ళు గడిచాయి. 1910లో జర్మన్ ప్రభుత్వం ఒక ప్లాన్ వేసింది: నది ఒడ్డున ఉన్న దువాలా వాళ్ళని లోపలికి తరలించి ఆ ఒడ్డున తెల్లవాళ్ళ పట్నం కట్టాలి, రెండింటి మధ్య ఖాళీ జాగా వదలాలి. అప్పటి రాజు రుడాల్ఫ్ దువాలా మాంగా బెల్. ఒప్పందం మీద సంతకం పెట్టిన బెల్ రాజుకి మనవడు. జర్మనీలోనే చదువుకున్నాడు, వాళ్ళ భాషలో, వాళ్ళ చట్టం ప్రకారమే వాళ్ళ పార్లమెంటుకి పిటిషన్లు పెట్టాడు. తన కార్యదర్శి న్గోసో దిన్‌ని రహస్యంగా బెర్లిన్ పంపి లాయర్‌ని పెట్టించాడు. మీరు రాసిచ్చిన కాగితమే కదా, దాన్ని మీరే చదవండి అని అడిగాడు, అంతే. 1914 ఆగస్టు 8న, యూరప్‌లో యుద్ధం మొదలైన వారానికే, ఇద్దరినీ రాజద్రోహం కింద ఉరితీశారు.

యుద్ధంలో జర్మన్లు ఓడిపోయారు. మరి భూమి వెనక్కి రావాలి కదా? ఉరితీసినవాడు ఓడిపోయాడు, గెలిచినవాడు ప్రపంచానికి న్యాయం చెబుతానంటున్నాడు. ఫ్రెంచి వాళ్ళు వచ్చి ఆ స్థలాన్ని ఓడిపోయిన శత్రువు ఆస్తిగా లెక్కగట్టి తమ చేతిలో పెట్టుకున్నారు. దువాలా వాళ్ళు నానాజాతి సమితి దాకా పిటిషన్లు రాస్తూనే పోయారు. ఆ ఒడ్డు పేరు బొనాంజో. ఇప్పుడు దువాలా నగరంలో ఆఫీసులన్నీ ఉండేది అక్కడే. జర్మన్లు రాసిచ్చిన మాటకి ఫ్రెంచి వాళ్ళు బాధ్యులు కారు, జర్మన్లు లాక్కున్న స్థలానికి మాత్రం హక్కుదారులయ్యారు.

ఇదొక్కటే అయితే ఏదో ఒక ఊరి దురదృష్టం అనుకోవచ్చు. కామెరూన్ కొండ వాలు చూడండి. అగ్నిపర్వతపు బూడిద కలిసిన నల్లటి నేల, ఏది నాటినా పండుతుంది. అక్కడ బాక్వెరి వాళ్ళుండేవారు. 1891లో వాళ్ళ నాయకుడు కువా లికెన్యే మనుషులు బుయేయా ఊరి దగ్గర జర్మన్ దండుని తిప్పికొట్టి దాని నాయకుణ్ణి కూడా చంపారు. మూడేళ్ళకి జర్మన్లు ఇంకా బలంగా వచ్చి గెలిచారు, బాక్వెరి వాళ్ళని ఇరుకైన రిజర్వుల్లోకి తోసేసి కొండ చుట్టూ కోకో, రబ్బరు, అరటి తోటలు వేశారు. యుద్ధంలో ఆ కొండ బ్రిటిష్ వాటాకి వచ్చింది. బ్రిటన్ ఏం చేసింది? శత్రువు ఆస్తి అని తాళం వేసి, తర్వాత లండన్‌లో వేలం పెట్టింది. 1924 వేలంలో చాలా తోటల్ని కొన్నది ఎవరనుకుంటున్నారు, పాత జర్మన్ యజమానులే! 1939లో మళ్ళీ యుద్ధం, మళ్ళీ శత్రువు ఆస్తి. ఆ యుద్ధం అయ్యాక ఇవి స్థానికుల భూములే అని కాగితం మీద ఒప్పుకున్నారు, ఒప్పుకుని 1947లో కొత్తగా పెట్టిన కామెరూన్స్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్‌కి అరవై ఏళ్ళ లీజుకి ఇచ్చారు. బాక్వెరి వాళ్ళు ఐక్యరాజ్య సమితికి పిటిషన్ పెట్టారు, స్వతంత్రం వచ్చాక కూడా కమిటీలు వేసుకుని అడుగుతూనే ఉన్నారు. యాభై ఏళ్ళలో ఆ నేల ఇన్ని చేతులు మారింది, తిరిగి బాక్వెరి చేతిలోకి మాత్రం రాలేదు. ఆ వేలంపాట గదిలో ఒక్క బాక్వెరి మనిషి నిలబడి ఉంటే ఏమనుకునేవాడో అని నేను చాలాసార్లు ఊహించుకున్నాను.

ఇప్పుడు న్జోయా గురించి చెప్పాలి, నిజానికి ఈ వ్యాసం ఆయన కోసమే మొదలుపెట్టాను. బమూమ్ రాజ్యానికి రాజు, రాజధాని ఫుంబాన్, పచ్చిక కొండల మధ్య ఊరు. ఈయన 1896 ప్రాంతంలో తన భాషకి లిపి తయారు చేశాడు. ఒక కలొచ్చిందట: పలక మీద చెయ్యి బొమ్మ గీసి, కడిగి, ఆ నీళ్ళు తాగమని. లేచాక తనవాళ్ళందరినీ పిలిచి తలా ఒక వస్తువు బొమ్మ గీయమన్నాడు. అలా మొదలైన లిపిలో ఐదు వందలకి పైగా గుర్తులుండేవి. అక్కడితో ఊరుకోలేదు. వాడటం కష్టంగా ఉందని సరిచేస్తూ సరిచేస్తూ 1910 నాటికి ఎనభైకి తెచ్చాడు. అంటే ఒక్క మనిషి జీవితకాలంలో బొమ్మల నుంచి అక్షరాల దాకా నడిచిన లిపి అది. మన గుణింతాలు ఇప్పుడున్న రూపానికి రావడానికి ఎన్ని వందల ఏళ్ళు పట్టిందో తెలిసినవాళ్ళకి ఇదెంత పనో అర్థమవుతుంది. బడులు పెట్టించాడు, తన రాజ్యపు చరిత్ర రాయించాడు, మందుల పుస్తకం రాయించాడు, రాగి అచ్చులు పోయించి ప్రెస్సు కూడా పెట్టబోయాడు.

బెర్లిన్‌లోని హంబోల్ట్ ఫోరం మ్యూజియంలో న్జోయా ఇచ్చిన సింహాసనం ఉంది. మా అమ్మాయిని తీసుకుని చూడటానికి వెళ్ళాను. పూసలు, గవ్వలు కుట్టి కుట్టి కర్ర అన్నది ఎక్కడా కనిపించకుండా కప్పేశారు. వెనకాల నిలబడి కవలలు, ఒకరు మగ ఒకరు ఆడ, మనిషంత ఎత్తున. కాళ్ళు పెట్టుకునే పీట మీద చిన్న చిన్న సైనికుల బొమ్మలు, వాళ్ళ చేతుల్లో తుపాకులు. ఆ తుపాకులు యూరప్ రకానివి! మా అమ్మాయి అవే ముందు చూసింది. అది న్జోయా తండ్రి న్సాంగు కూర్చున్న సింహాసనం. జర్మన్ చక్రవర్తి కైజర్ పుట్టినరోజు కానుకగా దీనికి నకలు చేయించి ఇద్దామనుకున్నాడు, నకలు సమయానికి పూర్తి కాలేదు, 1908లో అసలుదే ఇచ్చేశాడు. నకలు తను ఉంచుకున్నాడు.

ఎందుకిచ్చాడు అంటే, బాకీ ఉంది. పక్కనే ఉన్న న్సో రాజ్యంతో యుద్ధంలో న్సాంగు చనిపోయాడు, తల న్సో వాళ్ళ దగ్గర ఉండిపోయింది. తండ్రి తల లేకుండా రాజుకి రాజరికం నిండదు. 1906లో జర్మన్లు న్సో మీద దండెత్తినప్పుడు న్జోయా తన మనుషుల్ని తోడు పంపాడు, తల తిరిగి తెచ్చుకున్నాడు. పైనున్న పెద్ద శక్తిని వాడుకుని తన పాత లెక్క తేల్చుకున్నాడన్నమాట. ఆ కొండల్లో చాలామంది రాజులు ఇదే చేశారు. వాళ్ళని అమాయకులని జాలిపడటం నాకు నచ్చదు. ద్రోహులని తిట్టడం కూడా నచ్చదు.

కానీ ఒక్కచోట నాకు న్జోయా మీద కోపం వస్తుంది. 1914లో మాంగా బెల్ తన మనిషిని ఫుంబాన్ పంపాడు, ఈ జర్మన్ల మీద అందరం కలిసి నిలబడదాం అని. న్జోయా ఆ కబురుని అక్కడి మిషనరీకి చెప్పేశాడు. అది ప్రభుత్వానికి చేరింది, బెల్ మీద నేరం మోపడానికి సాక్ష్యమైంది. తన లిపి, తన బడులు, తన రాజ్యం జర్మన్ల మాట మీద నిలబడి ఉన్నాయని ఆయన నమ్మాడు. ఆ మాట ఇంకో ఏడాదిన్నరకి మించి చెల్లదని ఆయనకెలా తెలుస్తుంది?

1915 డిసెంబర్‌లో బ్రిటిష్ సైన్యం ఫుంబాన్ వచ్చింది. న్జోయా వాళ్ళతో కూడా సర్దుకున్నాడు, మీ కిందే ఉంటానని ఇంగ్లండ్ రాజుకి ఉత్తరం రాశాడు. ఈలోపు లండన్‌లో ఇద్దరు అధికారులు మ్యాపు ముందు కూర్చున్నారు. ఫ్రాన్స్ తరఫున కూర్చున్నది పికో అనే దౌత్యవేత్త, అదే నెలల్లో అరబ్బు దేశాలని బ్రిటన్, ఫ్రాన్స్ పంచుకోడానికి కూడా గీత గీస్తున్న మనిషే. 1916 మార్చికల్లా కామెరూన్ పంపకం అయిపోయింది: ఐదింట నాలుగు వంతులు ఫ్రాన్స్‌కి, పడమటి అంచున సన్నటి ముక్క బ్రిటన్‌కి. ఫుంబాన్ ఫ్రెంచి వైపు పడింది. న్సో వాళ్ళ కుంబో పట్నం బ్రిటిష్ వైపు పడింది. ఒకే మూలం నుంచి వచ్చామని చెప్పుకునే రెండు రాజవంశాలు, తల కోసం కొట్టుకున్న రెండు పొరుగు రాజ్యాలు, ఒక్క గీతతో రెండు వేరే భాషల్లోకి వెళ్ళిపోయాయి.

ఫ్రెంచి వాళ్ళకి న్జోయాతో పాత పరిచయం లేదు, పాత బాకీ లేదు. వాళ్ళకి కావలసింది ఫ్రెంచి మాట్లాడే గుమస్తాలు. బమూమ్ లిపిలో నడిచే బడులు మూతపడ్డాయి. ప్రెస్సు మిగల్లేదు. రాజ్యాన్ని ముక్కలు చేసి అధికారం తీసేశారు. 1931లో ఆయన్ని రాజధాని యావుండేకి పంపేశారు, రెండేళ్ళకి అక్కడే పోయాడు. ఆ లిపి 2009లో యూనికోడ్‌లోకి వచ్చింది, తెలుగు ఉన్న పట్టికలోనే. నా ఫోన్లో ఫాంటు వేసుకుని చూశాను. అక్షరాలు వచ్చాయి. చదవగలిగేవాళ్ళు మాత్రం ఇప్పుడు చాలా తక్కువ.

బ్రిటిష్ వాళ్ళు తమ ముక్కని విడిగా ఏలే ఓపిక కూడా చేయలేదు, నైజీరియాకి తోకలాగా తగిలించి అటునుంచే నడిపారు. ఫ్రెంచి వైపు వెట్టిచాకిరీ, రైలు మార్గం పనుల్లో చావులు. ఎవరు ఎక్కువ దుర్మార్గులు అనే చర్చ కావాలంటే ఇక్కడ చేసుకోవచ్చు, నాకు ఆసక్తి లేదు. నన్ను పట్టి ఆపిన సంగతి ఇంకొకటి. 1950ల్లో స్వతంత్రం కోసం పోరాడిన పార్టీ వాళ్ళు దేశం పేరుని జర్మన్ పద్ధతిలో 'కె' అక్షరంతో రాసుకునేవాళ్ళు. తెలుగులో రాస్తే ఆ తేడా కనపడదు. జర్మన్ల మీద ప్రేమతో కాదు, గీత పడకముందు మేమంతా ఒకటి అని చెప్పడానికి వాళ్ళకి దొరికిన పాత గుర్తు అదొక్కటే. వాళ్ళ నాయకుడు రూబెన్ ఉమ్ న్యోబేని 1958లో అడవిలో ఫ్రెంచి సైన్యం కాల్చి చంపింది.

ఫ్రెంచి వైపు 1960 జనవరి 1న స్వతంత్రమైంది. బ్రిటిష్ ముక్కలో 1961 ఫిబ్రవరి 11న ఓటు పెట్టారు. రెండే ప్రశ్నలు: నైజీరియాలో కలుస్తారా, కామెరూన్‌లో కలుస్తారా. మా బతుకు మేం బతుకుతాం అనే గడి ఆ కాగితం మీద లేదు. ఉత్తరం నైజీరియా అంది. దక్షిణంలో 2,33,571 మంది కామెరూన్ అన్నారు, 97,741 మంది నైజీరియా అన్నారు. ఎలా కలవాలో మాట్లాడుకోడానికి ఆ జూలైలో రెండు వైపుల నాయకులు సమావేశమయ్యారు. ఎక్కడో తెలుసా, ఫుంబాన్‌లో. న్జోయా ఊళ్ళో! దక్షిణం నుంచి అక్కడి నాయకుడు ఫోంచా బృందం తమ ప్రతిపాదనలతో వెళ్ళింది. ఫ్రెంచి వైపు అధ్యక్షుడు అహిజో దగ్గర రాజ్యాంగం అప్పటికే తయారుగా ఉంది. సమాఖ్యగా ఉంటాం, మీ కోర్టులు మీవి, మీ బడులు మీవి, సమాఖ్యని దెబ్బతీసే సవరణ చెల్లదు అని రాసుకున్నారు. 1961 అక్టోబర్ 1న బ్రిటన్ చేతులు దులుపుకుంది. 1972లో ఒక్క రెఫరెండంతో సమాఖ్య ఎగిరిపోయింది. అడగడానికి మధ్యవర్తి ఎవరూ లేరు.

ఇక్కడ నాకు ఎదురుచెప్పేవాళ్ళుంటారు. అహిజో ఆఫ్రికావాడే కదా, 1972కి కూడా తెల్లవాళ్ళనే అంటావా అని. అనను. ఆ పని చేసింది యావుండేనే, దాని బాధ్యత దానిదే. 2016లో ఫ్రెంచి మాత్రమే వచ్చిన జడ్జీలని, టీచర్లని తమ కోర్టుల్లోకి, బడుల్లోకి పంపుతున్నారని ఇంగ్లిష్ నడిచే పాత బ్రిటిష్ వైపు ఊళ్ళు బమెండా, బుయేయాల లాయర్లూ టీచర్లూ రోడ్డెక్కితే లాఠీలూ అరెస్టులతో జవాబు చెప్పిందీ ఆ ప్రభుత్వమే. ఆ తర్వాత విడిపోతామని తుపాకులు పట్టినవాళ్ళు బడి పిల్లల్ని కూడా వదల్లేదు, అది వాళ్ళ బాధ్యత. నేననేది ఒక్కటే. పాతవాడి మాట కొత్తవాడు కట్టుబడనక్కర్లేదు అనే పద్ధతి ఆ దేశంలో అప్పటికి యాభై ఏళ్ళకి పైగా చెల్లుతూ వచ్చింది, దాన్ని కొత్త ప్రభుత్వం అలాగే అందిపుచ్చుకుంది.

నా ఆఫీసులో ఒకాయన ఉన్నాడు, కుంబో ఆయన, న్సో మనిషి. 2017 జనవరి నుంచి ఏప్రిల్ దాకా, 93 రోజులు, ఆ ఇంగ్లిష్ ప్రాంతాలకి ఇంటర్నెట్ కట్ చేసినప్పుడు ఆయన రోజూ మధ్యాహ్నం ఫోన్ కార్డు గీకి బయటికెళ్ళి మాట్లాడి వచ్చేవాడు. వాళ్ళమ్మ నెట్‌లో తప్ప మనవల మొహాలు చూడలేదు. అప్పట్లో నాకు ఏం అడగాలో కూడా తెలియలేదు. లంచ్‌లో పక్కన కూర్చునేవాడిని, అంతే. ఇప్పుడు అక్కడ వేల మంది చనిపోయారు, లక్షల మంది ఊళ్ళు వదిలారు. ఆయన పెరిగిన ఇల్లు కాలిపోయింది. ఎవరు కాల్చారని నేనొకసారి అడిగాను, తెలుసుకుని ఏం చెయ్యను అన్నాడు.

సింహాసనం చూసొచ్చాక ఫోటోలు ఆయనకే ముందు చూపించాను. గంట సేపు నిలబడ్డానని, పీట మీద తుపాకులు, కవలలు, అన్నీ చెప్పాను. ఓపిగ్గా విన్నాడు. తర్వాత న్గొన్సో గురించి తెలుసా అని అడిగాడు. తెలీదు. న్సో వాళ్ళ మూలపుటమ్మ. ఆమె ప్రతిమని 1900ల మొదట్లో జర్మన్ సైనికులు ఎత్తుకొచ్చారు, అది కూడా ఆ మ్యూజియం వాళ్ళ దగ్గరే ఉంది, తిరిగి ఇస్తామని 2022 జూన్‌లో ప్రకటించారు. నేను న్జోయా కథ అంతా చదివి వెళ్ళాను, ఆ తల కోసం ఎవరి ఊళ్ళు తగలబడ్డాయో వాళ్ళ అమ్మ కూడా అక్కడే ఉందని మాత్రం నాకు తట్టలేదు.

ఎప్పుడిస్తారు అన్నాను. ఇచ్చేది ప్రభుత్వానికి కదా, యావుండే పంపుతారు, అక్కడి నుంచి కుంబో వెళ్ళాలంటే ఇప్పుడా రోడ్డు మీద ఎన్ని చోట్ల ఆపుతారో, ఎవరు ఆపుతారో అన్నాడు. వాళ్ళమ్మ ఆ రోడ్డు మీద వచ్చి ఇప్పుడు దువాలాలో తమ్ముడి దగ్గర ఉంటోంది, న్యూ బెల్ పేటలో. బెల్ రాజు మనుషుల్ని నది ఒడ్డు నుంచి తీసుకొచ్చి పడేసిన చోటు అదే.